ఆటనే వృత్తిగా ఎంచుకొన్న మహమ్మద్ హబీబ్

పుంగనూరు నుండి ప్రతిదినం బస్సులో మన కళాశాలకు వచ్చే విద్యార్థి ఒకడు ఉండేవాడు. ఎడమకాలితో అతడు బంతిని నడిపించే తీరు చూచి, ఆట మెళకువలు అంతగా తెలియని మేము సైతం వరండాలో నిలబడిపోయేవారము. రెండవ సంవత్సరం సగంలో అతడు మైదానానికి రావడం మానుకొన్నాడు. పిలిచి కారణమడిగితే, "మా నాయన వద్దన్నాడు సార్. ఆట అన్నం పెడుతుందా అంటున్నాడు" అన్నాడు. మరి అంతవరకు ఆడినదంతా ఏమైపోయినట్లని అడిగినాము. "సర్టిఫికెట్టు వచ్చేసింది కదా సార్, లామినేషన్ చేయించి పెట్టినాము" అని ఎంతో తృప్తిగా చెప్పినాడు.

ఆ తండ్రిని తప్పుపట్టలేము. మదనపల్లె టమాటా మార్కెట్టులో తెల్లవారకముందే బరువులెత్తే మనిషికి గాని, కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనికి పోయే మనిషికి గాని, కొడుకు ఆట అంటే మొదట కనబడేది ఖర్చే. బూట్లు కొనాలి, గుడ్డూ పాలూ పెట్టాలి, సాయంత్రం అంగట్లో సాయపడవలసిన చేతులను మైదానానికి వదులుకోవాలి. ఆయన ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబు చెప్పిన మనిషి మన తెలుగు నేలమీదనే, హైదరాబాదులో పుట్టినాడన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలుసును? ఆయన పేరు మహమ్మద్ హబీబ్. భారతదేశంలో ఫుట్‌బాల్‌ను నిజమైన అర్థంలో వృత్తిగా స్వీకరించిన తొలి ఆటగాడని క్రీడా విమర్శకులు ఆయనను పేర్కొంటారు.

ఈ మాట బరువు తెలియాలంటే ఆనాటి పరిస్థితి కొంత తెలియాలి. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన స్వయంగా ఒక బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షకత్వంలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఇంతటి ఘనత గల ఆ తరంవారిలో పెక్కుమంది పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, మరొక కార్యాలయంలోనో ఉద్యోగులు. అన్నం పెట్టినది ఉద్యోగం. ఆట ఆ ఉద్యోగానికి దారి చూపినది. మన పుంగనూరు కుర్రవాని లామినేషను కాగితం ఆ పాత లెక్కకు కొనసాగింపే.

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. ఉత్తర ఇంగ్లాండులో గనికార్మికులు, మిల్లుకార్మికులు శనివారం రగ్బీ ఆడడానికి పోతే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని క్లబ్బులు భర్తీ చేయడానికి రగ్బీ పెద్దలు ససేమిరా ఒప్పుకోలేదు. ఆట పెద్దమనుషుల వినోదమే గాని కూలిపని కాదన్నది వారి వాదన. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డు పట్టణంలోని ఒక హోటలులో ఇరవైకి పైగా క్లబ్బులు సమావేశమై వేరుపడినాయి. నేడు రగ్బీ లీగ్ అని పిలువబడే ఆట అట్లా పుట్టినది. విచిత్రమేమంటే, 1898లో జీతం తీసుకొని ఆడవచ్చునని ఆ కొత్త సంఘమే ఒప్పుకొన్నప్పుడు సైతం, ఆటగానికి వేరొక పని ఉండి తీరాలని షరతు పెట్టినది! జీతమిచ్చే చేయి కూడా ఆటను పనిగా గుర్తించడానికి అంతగా జంకినది.

హబీబ్ జంకలేదు. 1949 జూలై 17న జన్మించిన ఆయనకు ఇల్లే ఒక జట్టు. అన్నదమ్ములు పలువురు ఆటగాళ్ళే. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్ జట్టులో ఆడి, పదిహేడేళ్ళ ప్రాయంలో, 1966లో, కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరినారు. ఆ తర్వాత దాదాపు పద్దెనిమిది సంవత్సరాలు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు మహా సంస్థల మధ్యనే ఆయన జీవితం గడిచినది. ఉద్యోగమిస్తామని పిలిచినవారు లేకపోలేదు. ఆయన అంగీకరించలేదు. తోటి ఆటగాళ్ళు ఆఫీసు హాజరు పట్టీలో సంతకం చేసి మైదానానికి వస్తూ ఉండగా, ఈయనకు మైదానమే ఆఫీసు. సాధనకు ఆలస్యంగా రావడం, నలత అని తప్పించుకోవడం ఆయన ఎరుగరు. కుర్రవాళ్ళను పెద్దన్నవలె కసరి, దగ్గరుండి ఆడించేవారు కనుకనే బెంగాలీలు ఆయనను 'బడో మియా' అని పిలుచుకొన్నారు. తమ్ముడు అక్బర్ కూడా కలకత్తాలో ఆడి, 1976లో ఈస్ట్ బెంగాల్ మీద పదిహేడు సెకండ్లలో గోలు చేసి పేరు పొందినాడు.

1970 బాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టు కాంస్యపతకం గెలిచినప్పుడు సారథి హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ముందు వరుసలో హబీబ్. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2 గోళ్ళతో సమానంగా నిలిచినది. ఆ రెండు గోళ్ళలో ఒకటి హబీబ్‌ది. ఆట ముగిసిన పిమ్మట పెలే ఆయనను ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడని కలకత్తా అభిమానులు నేటికీ చెప్పుకొంటారు. 1980లో అర్జున పురస్కారం లభించినది.

ఆట విరమించిన తర్వాత ఆయన చేపట్టిన పని మాకు మరింత ముఖ్యంగా తోస్తున్నది. జంషెడ్‌పూరులోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోను, ఆ తర్వాత హల్దియాలో బెంగాల్ ఫుట్‌బాల్ సంఘంవారి అకాడమీలోను ఆయన శిక్షకులుగా పనిచేసినారు. అకాడమీ అంటే పిల్లవానికి తిండి, చదువు, సాధన ఒకేచోట దొరికే ఏర్పాటు. పదిహేడేళ్ళ వయసులో ఊరూ భాషా విడిచి కలకత్తా చేరిన మనిషి, తర్వాతి తరం పిల్లలకు అటువంటి నీడలో నిలబడి పాఠం చెప్పినాడు. మేము అధ్యాపకులము గనుక ఈ మాట కొంచెం పక్షపాతంతో చెబుతున్నామేమో. అయినా చెప్పక తప్పదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఉద్యోగం వద్దన్నవానికి పింఛను ఉండదు, ముసలితనంలో ఎవరు చూస్తారని. సమంజసమే. చివరి సంవత్సరాలలో మతిమరుపు, పార్కిన్సన్ వ్యాధులతో బాధపడి హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూసినారు. మన విద్యార్థులందరూ ఉద్యోగాలు కాదని బంతి వెంట పోవలెనని మేము ఎన్నడూ అనము. అట్లా అనే అధికారం, నెలనెలా జీతం తీసుకొనే మాకు లేనే లేదు. మా అభిప్రాయం వేరు. హబీబ్ తెగించగలిగినది కలకత్తాలో ఆటను పనిగా గౌరవించే క్లబ్బులు ఉన్నందువలన. తెగింపు మాత్రమే ఉండి ఆ ఏర్పాటు లేకపోతే, తండ్రి మాటే నిజమవుతుంది. మనం పిల్లవానిని ధైర్యవంతుడు కాలేదని నిందిస్తాము. మైదానంలో గోలు స్తంభాలకు వల కట్టించము. ఆటలు అంతర కళాశాలల పోటీలకు వారం ముందు గుర్తుకు వస్తాయి, కప్పు ప్రిన్సిపాల్ గారి గది చేరగానే మరుగున పడతాయి. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. చివరి గంట మోగగానే బస్సుకు పరుగెత్తేవారికి నాలుగింటి తర్వాత తెరిచే మైదానం ఎందుకు?

అందువలన మేము కోరేది స్వల్పమే. వారంలో రెండు దినాలు ఆఖరి పీరియడును ఆటకు కేటాయించి, దానిని హాజరులో లెక్కించాలి. బయటనుండి ఒక శిక్షకుని పిలిపించి గౌరవ వేతనం ఇవ్వాలి. కుప్పం వైపునుండి వచ్చి హాస్టలులో ఉండే ఆటగాళ్ళకు ఉదయం గుడ్డు, పాలు ఏర్పాటు చేయాలి. అధ్యాపకుల సమావేశంలో ఈ ప్రస్తావన చేసినప్పుడు ఒక పెద్దాయన నవ్వి, "మీరు తెలుగు అధ్యాపకులు కదా, ఫుట్‌బాల్ మీకెందుకు?" అన్నారు. వారికి రహీం సాహెబు బడిపంతులని గుర్తుచేసినాము. దరఖాస్తు కార్యాలయంలో ఉన్నది. పుంగనూరు కుర్రవాడు మూడవ సంవత్సరంలో ఉన్నాడు; పరీక్షలు మార్చిలో.