రెండవసారి వచ్చిన దూత



కర్మెలు పర్వతముమీద గొప్ప జయము పొందిన ఏలీయా, కొద్ది దినములకే అరణ్యములో ఒక చెట్టుక్రింద కూర్చుండి తనకు మరణము కావాలని దేవుని అడిగాడు (1 రాజులు 19వ అధ్యాయము). పోరాటములో నిలిచినవాడు ఇంటికి వచ్చాక కృంగిపోవడం ఈనాడూ ఉంది. అమెరికాలో మాజీ సైనికుల ఆత్మహత్యలు ఎన్నో కుటుంబాలను చీకటిలోకి నెట్టాయి.

వారికి సహాయం చేయాలని అక్కడి ఆసుపత్రులలో పరిశోధనలు జరుగుతున్నాయి. కాని ప్రశ్నలు అడుగుతుండగా ఒకాయన, "నాకు బ్రతకాలని లేదు" అంటే ఏం చేయాలి? వ్రాసుకొని పంపివేయరాదు. మీ మాటలు రహస్యంగా ఉంచుతాము గాని, ప్రాణాపాయం తోస్తే సహాయం పిలుస్తామని వారు ముందే చెబుతారు. అట్టివానిని ఒంటరిగా విడువక వైద్యునికి అప్పగిస్తారు.

2018లో ప్రచురించబడిన ఒక పరిశోధనలో 9 ఆసుపత్రులకు వచ్చిన 1,640 మంది ఉన్నారు. వాటిలో 5 ఆసుపత్రులలో రోగితో కలిసి కూర్చుండి ఒక కాగితం సిద్ధం చేశారు. ఆ తలంపు వచ్చేముందు కనబడే గుర్తులు, మనసు మళ్లించే పనులు, పిలువదగిన ఆప్తులు, వైద్యుని ఫోను నంబరు, తుపాకి వంటివి అందకుండా ఉంచే ఏర్పాటు అందులో వ్రాశారు. ఇంటికి వెళ్లిన తరువాత ఫోను చేసి పలకరిస్తూ వచ్చారు. మామూలు వైద్యం పొందినవారికంటే వీరిలో ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన ప్రయత్నాలు 45 శాతం తక్కువగా కనబడ్డాయి.

ఇది చదివి మేము సిగ్గుపడ్డాము. కృంగినవారికి ప్రార్థన చేసి పంపి, మరల వారి గుమ్మం తొక్కని సందర్భాలు మాకున్నాయి. దేవదూత ఏలీయాను గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. నిద్రపోనిచ్చి రెండవసారి కూడా వచ్చాడు. ఆ రెండవ రాక మనం మరచిపోతున్నాము.

ప్రియులారా, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని ప్రేమతో అడగండి. అడిగితే ఆ తలంపు పుడుతుందన్న భయం నిజం కాదు. విశ్వాసం లేదని నిందించకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళంవేసి, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి. వైద్యుని దగ్గరకు తోడు వెళ్లండి. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తారు. వారం తిరగకముందే మరల వెళ్లి పలకరించండి.

ప్రభువా, రెండవసారి వెళ్లే పాదాలు మాకు దయచేయుము. ఆమేన్.