మన పాటలను లెక్కపెట్టేదెవరు?



దసరా సెలవులకు నేను హైదరాబాద్ రాంనగర్‌లో ఉండే మా చిన్నమ్మ దగ్గరికి పోయాను. చిన్నమ్మ పనిచేసే ఇంటి మామ్మగారు ఒకరోజు మమ్మల్ని చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు తీసుకుపోయారు. అక్కడ పి. సుశీల గారి పాత పాటలు వేరేవాళ్ళు పాడారు. ముసలివాళ్ళంతా కూర్చున్నచోటనే పెదవులు కదుపుతూ పాడుకున్నారు. మామ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఏమైందంటే, "ఇవి మా పెళ్ళినాటి పాటలే పిల్లా" అన్నారు.

సుశీల గారు 1935లో విజయనగరంలో పుట్టారు. అక్కడి సంగీత కళాశాలలోనే నేర్చుకున్నారు. 1957లో మాయాబజార్‌లో సావిత్రికి పాడారు. 25 ఏళ్ళ తర్వాత 1982లో వచ్చిన మేఘసందేశంలో పాటకు జాతీయ అవార్డు పొందారు. అట్లాంటి అవార్డులు మొత్తం 5 వచ్చాయి. 2008లో పద్మభూషణ్ ఇచ్చారు. 2016లో గిన్నిస్ వాళ్ళు 17,695 పాటలని లెక్క కట్టారు.

ఆ లెక్క వింటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా కోయ గూడెంలో పెళ్ళయినా, విత్తనాల పండుగయినా రేల పాట ముందు ఎత్తేది ఆమే. ఆమెకు ఎన్ని పాటలు వచ్చో ఎవరూ లెక్కపెట్టలేదు. పోయినేడు నన్ను చూడటానికి వచ్చి హాస్టల్ వరండాలో కూర్చుని పాట ఎత్తింది. తోటిపిల్లలు నవ్వుతారని నేను "ఊకో" అన్నాను. ఊకున్నది. మళ్ళీ నా ముందు పాడలేదు.

సినిమా పాటల వల్లనే మన పాటలు పోతున్నాయని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. సుశీల గారి పాట మామ్మగారికి ధైర్యం, జ్ఞాపకం. అది ఎవరి పాటనూ ఆపలేదు. మా నాయనమ్మ పాటను ఆపింది నేనే. సుశీల గారి పాట రికార్డుల్లో, రేడియోలో నిలిచింది. నాయనమ్మ పాట ఆమె గొంతులోనే ఉన్నది. ఆ గొంతు పోతే పాట కూడా పోతుంది.

మా ఇంట్లో చదువు నేర్చింది నేనే మొదలు. ఆ చదువు దేనికి? సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్కో పాట నోట్‌బుక్‌లో రాసుకొని వద్దాం. కోయ మాటలను తెలుగు అక్షరాల్లో రాయొచ్చు. లంబాడా అక్కలు వాళ్ళ పాటలు రాయాలి.

నేను మాత్రం ముందు నాయనమ్మను బతిమాలుకోవాలి. పాడితే వచ్చే సంచికలో రాస్తాను. మీరేమంటారు?

- 9వ తరగతి విద్యార్థిని