కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు...



"ల్యాప్‌టాప్ స్లోగా ఉంది టీచర్, హోంవర్క్ అప్‌లోడ్ కాలేదు" అని ఒక విద్యార్థి అంటే, సాకు అనుకుని మందలించాను. తప్పు నాదే. తర్వాత నేనే చూశాను: అదే పేజీ మామూలుగా తెరిస్తే నత్తనడక, క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో చకచకా. బయటివాళ్లు తయారుచేసిన ఎక్స్‌టెన్షన్లు, మనం అనుమతిస్తే తప్ప, అక్కడ పనిచేయవు.

మీ ఇంట్లోనూ ఇదే సమస్య ఉంటే ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపండి. ఒక్కొక్కటే ఆన్ చేస్తూ అదే పేజీ తెరవండి. ఏది ఆన్ చేయగానే మళ్లీ నెమ్మదిస్తుందో, దాన్ని ఇంకోసారి ఆపి, ఆన్ చేసి నిర్ధారించుకోండి.

ఈ పని పిల్లల చేతే చేయించండి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం సైన్స్ ల్యాబ్‌లో వాళ్లు నేర్చుకునే పాఠం. తేల్చుకోకుండా వస్తువునైనా, పిల్లలనైనా నిందించకూడదన్నది నేను నేర్చుకున్న పాఠం.