ఆమెకు అరవై ఎప్పుడు నిండాయి?

2024 కార్తీకంలో మా చిన్నమ్మ, చిన్నాయన యాదగిరిగుట్టలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పెళ్లయి యాభై ఏళ్లు. 1974లో పెళ్లయిన వారానికే ఇదే గుట్టలో పీటల మీద కూర్చున్న జంట. మన నల్లగొండ వైపు కొత్త దంపతులు గుట్టకు పోయి వ్రతం చేసుకోవడం మామూలే కదా. గుడి 2022 మార్చి 28న కొత్త రూపంలో తెరుచుకున్నాక వాళ్లు వెళ్లడం ఇదే మొదటిసారి. నల్లరాతి స్తంభాలు చూసి చిన్నమ్మ "మన గుట్టేనా ఇది?" అని రెండుసార్లు అడిగింది.

అసలు సంగతి అంతకు నెల ముందే మొదలైంది. ఏదైనా ఘనంగా చేద్దామని పిల్లలు అయ్యగారిని పిలిచారు. ఆయన మొదటి ప్రశ్న, "మీ నాయనకు ఎన్నేండ్లు?" అరవై నిండితే షష్టిపూర్తి, డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం. చిన్నాయనకు డెబ్బై మూడు, దేనికీ కుదరలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న చిన్నమ్మ నవ్వుతూ, "నాకు అరవై నిండినప్పుడు ఎవలన్న అడిగిండ్రా అయ్యగారూ?" అంది. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఆ మాట నాకు గుచ్చుకుంది.

షష్టిపూర్తిలో మళ్లీ తాళి కట్టించుకునేది ఆమె. లెక్క మాత్రం ఆయన వయసుది.

చిన్నాయనది మగ్గం పని, పోచంపల్లి రకం చీరలు. ఆయన నేసిన చీర అంటారు ఊళ్లో. దానికి ముందు ఆసు పోసింది చిన్నమ్మ. తెలియని వాళ్లకు చెప్పాలంటే, అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని లెక్క తప్పకుండా అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి. నేత ఇళ్లలో ఎక్కువగా ఇది ఆడవాళ్ల పనే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ కొడుకు కంటికి ఆనిన నొప్పి, మా ఇంట్లో పక్కనే మగ్గం గుంటలో కూర్చున్న చిన్నాయనకు ఎందుకు ఆనలేదు? అడిగేశాను. "గదొక పనని ఎన్నడు అనుకోలేదు బిడ్డా" అన్నారు. అబద్ధమాడలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

ఇద్దరి కష్టమూ లెక్కకొచ్చిన జంటలు లేకపోలేదు. ఇదే ఆలేరు ప్రాంతపు ఆరుట్ల కమలాదేవి, రామచంద్రారెడ్డి తెలంగాణ సాయుధ పోరాటంలో కలిసి నడిచారు. 1962లో ఆమె ఆలేరు నుంచి, ఆయన పక్కనున్న భువనగిరి నుంచి గెలిచి ఒకే శాసనసభలో కూర్చున్నారు. అందరి సంసారాలకూ శాసనసభ సాక్ష్యం ఉండదు. ఫోటోల ఆల్బం ఉంటుంది, అందులో ఆమె ఎప్పుడూ ఎవరికో వడ్డిస్తూ ఉంటుంది.

యాభై ఏళ్లనగానే మనం చప్పట్లు కొడతాం. ఎలా గడిచాయని అడగం. పోవడానికి మరో ఇల్లు లేక గడిచిన యాభైలు కూడా ఉన్నాయి. చిన్నమ్మది అలాంటిది కాదు. ఆమెకు జ్వరమొస్తే చిన్నాయన మగ్గం దిగేవారు. ఇప్పటికీ ఒక కప్పు చాయ్ ఇద్దరూ పంచుకుంటారు. అందుకే కాబోలు, ఆమె అడగగలిగింది.

వ్రతంలో సాధు వర్తకుడి కథ వచ్చింది. బిడ్డ పుడితే వ్రతం చేస్తానని మొక్కుకుంటాడు. పుట్టాక భార్య లీలావతి గుర్తుచేస్తే, పెళ్లికి చేద్దాంలే అంటాడు. పెళ్లయ్యాక మరిచిపోయి చెరసాల పాలవుతాడు. ఇంటి దగ్గర తల్లీకూతుళ్లు వ్రతం చేస్తే గాని బయటపడడు. కథ అక్కడికి రాగానే చిన్నమ్మ మోచేత్తో ఆయన్ను పొడిచింది.

ప్రసాదం తింటుంటే చిన్నాయనే మెల్లగా అడిగారు, "నీకు అరవై ఎన్నడు నిండినయే?"

"ఆధార్ కార్డుల జనవరి ఒకటని రాసిండ్రు. మా అవ్వయితే బతుకమ్మ పండుగకు ముందట పుట్టిన అనేది. ఏ సాలో ఆమెకూ యాదికి లేదు."

"అయితే వచ్చే బతుకమ్మకు చేద్దాం తియ్."

"ఏం జేస్తరట?"

బస్సు ఎక్కేదాకా చిన్నాయన ఆలోచిస్తూనే ఉన్నారు.