ఉప్పుచేప, తెల్లరొట్టె... ఓ ఊరి పండగ విందు

అక్టోబరు మూడో తేదీ పొద్దున్న ఏడింటికే నగర భవనం ముందు బాకాలు మోగుతాయి. ఆ చప్పుడుకి లేవనివాళ్లు ఆ రోజు లైడెన్‌లో తక్కువే. కాసేపట్లో కాలువ గట్టునున్న పాతకాలపు తూకాల భవనం దగ్గర జనం బారులు తీరతారు. ముసలివాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కోటూ టై కట్టిన పెద్దమనుషులు... అందరి చేతుల్లోనూ సంచులే. ఇంతా చేసి వాళ్లకు దొరికేది ఏమిటయ్యా అంటే, ఉప్పులో ఊరిన హెరింగ్ చేపలు, ఓ తెల్లరొట్టె!

కొనుక్కోలేక కాదు. నెదర్లాండ్స్‌లో చేపకీ రొట్టెకీ కరవు లేదు. కానీ 1574లో ఇదే రోజున, ఆకలితో చచ్చిపోతున్న ఈ ఊరికి మొట్టమొదట అందిన తిండి ఆ రెండే. ఆ సంగతి మర్చిపోకూడదని ఇప్పటికీ పంచుతారు. 1886లో పెట్టుకున్న ఓ సంఘం ఈ ఉత్సవాన్ని నడిపిస్తుంది. చేపా రొట్టే అందుకునేది ఆ సంఘం సభ్యులే. పొరుగూరివాళ్లు చూసి సంతోషించాల్సిందే, లేదంటే పక్కనే బండి దగ్గర కొనుక్కోవాలి.

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే మనవాళ్లు చాలామంది కాలువల్లో పడవ ఎక్కి, తులిప్ తోటలు చూసి, ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. అక్కడి నుంచి రైల్లో ముప్పావుగంట కూడా పట్టని లైడెన్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ. షిపోల్ విమానాశ్రయం నుంచైతే ఇంకా దగ్గర, పావుగంట, ఇరవై నిమిషాలు. జనాభా లక్షా పాతికవేల పైచిలుకు. స్టేషన్లో దిగి పది నిమిషాలు నడిస్తే పాత ఊళ్లో ఉంటాం. బస్సు, ట్యాక్సీల గొడవే లేదు. కాకపోతే సైకిళ్లతో జాగ్రత్త. ఎర్రరంగు దారి వాటిది. అందులో నిలబడి ఫొటో తీసుకోబోతే గంట మోగిస్తారు, ఆగరు.

డచ్చివాళ్లు మనకు మరీ కొత్తవాళ్లేం కాదు. 1600ల మొదట్లోనే బట్టల వ్యాపారానికి బందరు రేవులో దిగారు. ‘హాలండ్’ మన నోట పడి ‘వలంద’ అయింది. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. భీమిలిలో వాళ్ల సమాధులున్నాయి. అంత దూరం ఓడలు నడిపిన దేశం, అంతకు ముప్ఫై ఏళ్ల ముందు ఎలాంటి స్థితిలో ఉండేదో తెలియాలంటే లైడెన్‌కే వెళ్లాలి.

అప్పట్లో ఆ దేశం స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేది. పన్నులు, మత విచారణలు భరించలేక ఊళ్లు ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. వాటిలో లైడెన్ ఒకటి. 1573 అక్టోబరులో స్పెయిన్ సేన వచ్చి ఊరిని చుట్టుముట్టింది. మర్నాటి ఏడాది మార్చిలో వేరేచోట యుద్ధం పడి ముట్టడి ఎత్తేసి వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకున్నారు జనం. ఆ పొరపాటే కొంప ముంచింది. చేతిలో రెండు నెలల వ్యవధి ఉన్నా గిడ్డంగులు సరిగ్గా నింపుకోలేదు. మే 26న సేన మళ్లీ వచ్చింది. ఈసారి ఊరు 131 రోజులు దిగ్బంధంలో ఉంది.

ముందు ధాన్యం కొలిచి ఇచ్చారు. తర్వాత గుర్రాల్ని కోశారు. పొయ్యిలో పిల్లి లేవలేదు అంటుంటాం కదా, అక్కడ తర్వాత్తర్వాత పిల్లులే మిగల్లేదు. కుక్కలు, ఎలుకలు, చెట్ల ఆకులు... దేన్నీ వదల్లేదు. దానికి తోడు ప్లేగు. నాణేలకు లోహం లేక చర్చిలోని ప్రార్థన పుస్తకాల కాగితాల్ని అతికించి, ముద్ర కొట్టి, డబ్బుగా వాడారు. ఐరోపాలో కాగితపు డబ్బు కథ మొదలైంది అలాగేనని చెబుతారు.

ఊరికి పెద్ద వాన్ డెర్ వెర్ఫ్. ఓ రోజు జనం ఆయన్ని చుట్టుముట్టి, ఇక లొంగిపోదాం, పిల్లలు చచ్చిపోతున్నారని మొరపెట్టుకున్నారట. లొంగితే ఊచకోత తప్పదని ఆయన భయం. పొరుగున హార్లెమ్ లొంగిపోతే ఏం జరిగిందో అంతకు ఏడాది ముందే చూశారు. అందుకే, ‘తిండి కావాలంటే నా చెయ్యి కోసుకు తినండి, ఊరిని మాత్రం అప్పగించను’ అన్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నిజంగా ఆ మాటే అన్నాడో లేదో గానీ, ఆ సన్నివేశాన్ని గోడంత బొమ్మగా వేసి లాకెన్‌హాల్ మ్యూజియంలో పెట్టారు. అది 1640 నాటి బట్టల వ్యాపార భవనం. ఆ బొమ్మ ముందు కాసేపు నిలబడితే, కత్తి పట్టుకున్న నాయకుడి కంటే ఆయన కాళ్ల దగ్గర పడి ఉన్న మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

చివరికి ఊరిని కాపాడింది నీళ్లు. ఆ నేల సముద్రమట్టం కన్నా పల్లం. గట్లు లేకపోతే మునిగిపోతుంది. ఆ గట్లనే తెగ్గొట్టించాడు తిరుగుబాటు నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్. రైతుల పొలాలన్నీ ఉప్పునీటి పాలయ్యాయి. అయినా నీళ్లు చాలినంత పైకి రాలేదు. అడుగు చదునుగా ఉండే పడవల్లో చేపలు, రొట్టెలు నింపుకుని ‘సముద్ర బిచ్చగాళ్లు’ అనే తిరుగుబాటు నావికులు వారాల తరబడి ఎదురుచూశారు. ఊళ్లోకి కబుర్లు మోసింది పావురాలు. అంత ఆకలిలోనూ వాటిని ఎవరూ కోసుకు తినలేదు! ఆ పావురాల్ని పెంచిన కుటుంబానికి తర్వాత ‘పావురాల వార్తాహరులు’ అని అర్థమొచ్చే ఇంటిపేరే ఇచ్చారు. అక్టోబరు మొదట్లో గాలి తిరిగింది, పోటు పొంగింది, పడవలు కదిలాయి. రెండో తేదీ రాత్రి స్పెయిన్ సైనికులు శిబిరాలు వదిలి పారిపోయారు.

తెల్లారి ఓ అనాథ పిల్లాడు ఖాళీ శిబిరంలోకి దూరితే, అక్కడో ఇత్తడి గిన్నెలో కూర ఇంకా వేడిగా ఉందట. క్యారెట్లు, ఉల్లిపాయలు, పార్స్‌నిప్ అనే తెల్ల దుంపలు, మాంసం కలిపి ఉడికించింది. ఆ కూరే ‘హుట్స్‌పొట్’. ఆ గిన్నె ఇదే అంటూ లాకెన్‌హాల్‌లో ఒకటి చూపిస్తారు. నమ్మాలా వద్దా అన్నది చూసేవాళ్ల ఇష్టం. ఊరు మాత్రం నమ్మింది. ఏటా ఉత్సవం వేళ ఇంటింటా ఆ వంటే వండుతుంది.

ఆ ముట్టడిలో పోయింది దాదాపు ఆరువేలమంది. నగర భవనం గోడలో ఓ రాయి మీద ఆ లెక్క చెక్కి ఉంది. రాతిలోని అక్షరాలు లెక్కపెడితే 131 వస్తాయి, రోజుకొకటి చొప్పున. వాటిలో రోమన్ అంకెలుగా పనికొచ్చే అక్షరాల్ని కూడితే 1574. పిల్లలతో వెళ్లినవాళ్లు ఆ రాయి దగ్గర ఓ పావుగంట ఆగొచ్చు, కథ వాళ్లకు ఇట్టే ఎక్కుతుంది.

తర్వాతి ఏడాది, 1575లో, ఊరికి బహుమతిగా విశ్వవిద్యాలయం వచ్చింది. పన్నుల మినహాయింపు కావాలా, చదువు కావాలా అని అడిగితే చదువే కోరుకున్నారని ఓ కథ. దేశంలో అదే మొదటిది. దాని వెనక 1590 నాటి వృక్షశాస్త్ర తోట ఉంది. హాలండ్ తులిప్‌ల వైభవానికి పునాది పడింది ఆ తోటలోనే. ముందు రాపెన్‌బర్గ్ కాలువ. నిమ్మళంగా నడవడానికి ఊళ్లో ఇంతకన్నా మంచి దారి లేదు. ఆ కాలువ వెంటే పోతే చెట్లున్న ఓ పార్కు, అందులో వాన్ డెర్ వెర్ఫ్ విగ్రహం కనిపిస్తాయి. అంత ఇరుకు ఊళ్లో అంత ఖాళీ ఎక్కడిదంటే, 1807 జనవరిలో అక్కడ తుపాకిమందు పడవ పేలి ఇళ్లు నేలమట్టమయ్యాయి. నూటయాభైమంది దాకా చనిపోయారు. ఇక గోడల మీద కవితలు. 1992 నుంచి రకరకాల భాషల్లో, ఆయా లిపుల్లోనే రాస్తూ వచ్చారు. వంద దాటాయి. మ్యూజియం గోడ మీద ఐన్‌స్టీన్ సమీకరణం కూడా ఉంది. రెండు ఇళ్ల మధ్య చిన్న తలుపు తీసి ఉంటే లోపలికి తొంగిచూడండి. పూర్వం పేద వృద్ధుల కోసం కట్టించిన ఇళ్ల వరసలు, మధ్యలో పూలతోట. ఇప్పటికీ మనుషులు కాపురముంటారు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు.

నడిచి నడిచి ఆకలేస్తే... బుధ, శనివారాలైతే కాలువ గట్టు బజారుకే వెళ్లాలి. అప్పటికప్పుడు కాల్చి, మధ్యలో పాకం పోసి ఇచ్చే స్ట్రూప్‌వాఫల్ వాసన దారి చూపిస్తుంది. హెరింగ్ బండి దగ్గర చేపను ఒలిచి, ఉల్లిముక్కలు చల్లి ఇస్తారు. మన ఎండుచేపలా ఉండదు, మెత్తగా వెన్నలా ఉంటుంది. తోక పట్టుకుని తల వెనక్కి వంచి తినాలి. పక్కనే ఛీజ్ దుకాణం. గుండ్రటి పెద్ద చక్రం మీద రెండు తాళంచెవుల ముద్ర ఉంటే అది లైడెన్ ఛీజ్. కోస్తే లోపల కనిపించేవి మన జీలకర్ర గింజలే! మీగడ వెన్నకు తీసేసి, మిగిలిన పలచని పాలతో చేస్తారు. రుచికి జీలకర్ర వేస్తారు. మజ్జిగలో జీలకర్ర వేసుకునేవాళ్లకు ఇట్టే నచ్చుతుంది. ఒక్క మాట, పాత పద్ధతి ఛీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోవడం మంచిది.

హుట్స్‌పొట్ అక్టోబరులోనే కాదు, చలికాలమంతా దొరుకుతుంది. ఇప్పుడు తెల్ల దుంపల బదులు బంగాళాదుంప వేస్తున్నారు. క్యారెట్, ఉల్లిపాయతో కలిపి ఉడికించి, మెదిపి, వెన్న కలిపి, పక్కన మాంసం ముక్కతో వడ్డిస్తారు. మాంసం వద్దంటే మానేస్తారు, కానీ అది పశుమాంసమని ముందే తెలిసి ఉండాలి. రుచి సంగతంటారా... పోపు పెట్టడం మర్చిపోయిన బంగాళాదుంప కూరలా ఉంటుంది. కారం అలవాటైన నాలుకకు మొదటి ముద్ద చప్పగా తోస్తుంది. బయట చలిగాలి కొడుతుంటే మూడో ముద్దకు దాని విలువ తెలుస్తుంది. పిల్లలకైతే పాన్‌కేక్ హోటలే స్వర్గం. పళ్లెం దాటిన అట్టు, దానిమీద ఆపిల్ ముక్కలు, నల్లటి పాకం.

కారం లేకపోతే ప్రాణం నిలవదనేవాళ్లకూ దారి ఉంది. ఇండోనేషియా ఒకప్పుడు డచ్చివాళ్ల వలస. అక్కడి నుంచి వచ్చిన వంటే ‘రైస్‌టాఫెల్’, అంటే అన్నం బల్ల. అన్నం చుట్టూ పది, పదిహేను చిన్న గిన్నెలు. మిరపకాయ పచ్చడి ఉంటుంది, కానీ అందులో చాలాసార్లు రొయ్యల ముద్ద కలుపుతారు. ఇంకోటి సురినామ్ రోటీ. 1873 నుంచి బ్రిటిష్ ఇండియా కూలీల్ని ఓడల్లో కలకత్తా మీదుగా దక్షిణ అమెరికాలోని ఆ డచ్చి వలసకు తీసుకెళ్లారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్ వాళ్లు. 1975లో సురినామ్‌కు స్వాతంత్య్రం వచ్చే వేళ వాళ్ల మనవళ్లు వేలల్లో నెదర్లాండ్స్ చేరారు, పప్పు కూరిన రొట్టెనూ, బంగాళాదుంప కూరనూ, అలసంద కాయల వేపుడునూ వెంటబెట్టుకుని. కడుపు చేతపట్టుకుని రెండు సముద్రాలు దాటిన వంట అది. చేత్తో తింటుంటే ఎవరూ వింతగా చూడరు.

హోటల్‌కు వెళ్లేముందు కొన్ని సంగతులు. మధ్యాహ్నం అక్కడ భోజనమంటే రొట్టెముక్కే. వండిన భోజనం సాయంత్రం ఆరింటికి. చాలాచోట్ల రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకే వంటగది కట్టేస్తారు. మన వేళల్లో వెళ్తే పస్తే. శుక్ర, శనివారాల్లో ముందుగా బల్ల చెప్పుకోవాలి. మంచినీళ్లు అడిగితే సీసా తెచ్చి బిల్లు వేస్తారు. ‘క్రాన్‌వాటర్’ అంటే కుళాయినీళ్లు, ఇస్తే ఉచితం. కుళాయినీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. అడిగేదాకా బిల్లు తీసుకురారు. అది నిర్లక్ష్యం కాదు, లేవమని తొందరపెట్టకపోవడం అక్కడి మర్యాద. కొన్నిచోట్ల నోట్లు తీసుకోరు, కార్డే కావాలి. వేసవిలో కాలువలో కట్టేసిన పడవల మీదే బల్లలు వేస్తారు. కూర్చోవడానికి చోటు దొరికితే వదులుకోకూడదు.

పండగ చూడాలనుకుంటే అక్టోబరు రెండు సాయంత్రానికే చేరుకోవాలి. మూడున ఊరేగింపు, తిరనాళ్లు, రంగులరాట్నాలు, విపరీతమైన రద్దీ. ఊళ్లో ఆ రోజు సెలవు, చాలా దుకాణాలు మూసేస్తారు. మూడో తేదీ ఆదివారం పడితే పండగను సోమవారానికి జరుపుతారు. మళ్లీ అలా వచ్చేది 2027లో.