ఏనుగు మల్లమ్మ కొండపై రెండు రాత్రులు

వేసవిలో జంటగా కొండకు వెళ్లదలచిన దంపతులు ఊళ్లన్నీ చుట్టివచ్చే ఆరాటం మాని, మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని హార్స్‌లీ హిల్స్‌లో రెండు రాత్రులు నిలకడగా గడపడం ఎంతో మేలు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్‌లీ ఇక్కడ వేసవి విడిది కట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడినా, దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ, వినసొంపైనదీ అదే. కొండ ఎత్తు 1,200 మీటర్లు దాటడం వల్ల, పైకి వెళ్లేకొద్దీ గాలి వ్యాకోచించి చల్లబడే ఉష్ణోగ్రతా క్షీణత, అంటే కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల తగ్గుదల, ఇక్కడ ఒంటికి తెలుస్తుంది. అయినా మధ్యాహ్నపు ఎండ తప్పదు కనుక ఆ వేళను విశ్రాంతికి విడిచి, రాలిన నీలగిరి ఆకులు కాలికింద నలిగి ఘాటుగా గుబాళించే దారిలో తెల్లవారుజామున ఇద్దరూ మెల్లగా నడవాలి. వారాంతపు రద్దీని తప్పించుకోవాలంటే మంగళ, బుధవారాలకు ముందుగానే గది ఖాయం చేసుకోవాలి.