ఒకే దర్వాజా సరే, తాళం ఎవరి చేతిలో?



దరఖాస్తు, అర్జీ, రసీదు, మంజూరు, నామంజూరు, తహసీల్దారు, జిల్లా, దస్తావేజు. సర్కారీ ఆఫీసులో ప్రతి తెలుగువాడూ రోజూ పలికే ఈ మాటలన్నీ ఉర్దూ, ఫార్సీ, అరబీల మీదుగా వచ్చినవే. ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఈ రిష్తా మొదటినుంచీ ఇష్టం. కానీ ఆ మాటలు పుట్టిన జబాన్‌లో ఇవాళ దరఖాస్తు పెట్టుకుందామంటే వెబ్‌సైట్‌లో చోటు లేదు. 2017 నవంబరులో తెలంగాణ మొత్తానికీ ఉర్దూను రెండో అధికార భాషగా అసెంబ్లీ ఆమోదించింది. ఫారం మాత్రం ఇంగ్లీషులో నింపాలి. నింపేది మన అమ్మీ కాదు, మన ఖాలా కాదు, ఆన్‌లైన్ సెంటర్ కుర్రాడు.

ఇప్పుడు అసలు మాట. పథకాలన్నిటికీ ఒకే కార్డు, ఒకే పోర్టల్ ఉండాలని సర్కారు చాలాకాలంగా చెబుతోంది. 2024 అక్టోబరు 3న ఫ్యామిలీ డిజిటల్ కార్డు పైలట్ సర్వే మొదలైంది. 119 నియోజకవర్గాల్లో రెండేసి ప్రాంతాలు ఎంచుకున్నారు. రేషన్, పింఛను, ఆరోగ్యం అన్నీ ఒకే కార్డులో, ఇంటి ఆడమనిషి పేరు మీద ఉంటాయని చెప్పారు. మంచి ఖయాల్. నేను దీనికి ఖిలాఫ్ కాదు. ఎందుకు కాదో ముందు చెప్తాను.

మన జిల్లాల్లో ఒక మామూలు ఖాందాన్‌ను తీసుకోండి. జగిత్యాలలోనో నిర్మల్‌లోనో బీడీలు చేసే ఒక బేవా, ఇద్దరు ఆడపిల్లలు, ఒక కొడుకు. పెద్దపిల్ల నికాహ్ అయితే షాదీ ముబారక్ కోసం ఈపాస్ సైట్. చిన్నపిల్ల కాలేజీ స్కాలర్‌షిప్‌కు మళ్లీ ఈపాస్, కానీ వేరే ఫారం. ఢిల్లీ స్కాలర్‌షిప్ కావాలంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. కొడుకు దుకాణం లోన్‌కు ఓబీఎంఎంఎస్. రేషన్ కార్డుకు మీసేవ. పింఛనుకు మున్సిపల్ ఆఫీసు. ఇంటికి మరో దరఖాస్తు. ప్రతిచోటా అదే ఆధార్, అదే ఆదాయ సర్టిఫికెట్, అదే బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్. ప్రతి జిరాక్స్‌కూ పైసలు, ప్రతి రోజుకూ కూలీ నష్టం. ఆ రోజు ఆమె చేయని బీడీలకు ఎవరూ లెక్క కట్టరు. ఇవన్నీ ఒకేచోట, ఒకేసారి ఇచ్చే కాగితాలతో అయిపోతే అది పేదలకు రహ్మత్. కాబట్టి ఒకే దర్వాజా కావాల్సిందే.

అయితే ఏడు దర్వాజాలున్న ఇంట్లో ఒకటి మూసుకుపోతే ఇంకోటి ఉంటుంది. ఒకే దర్వాజా అయితే ఒకే తాళం. ఆ తాళం పడితే రేషన్, పింఛను, స్కాలర్‌షిప్, ఇల్లు అన్నీ ఒకే దెబ్బతో పోతాయి. ఇది నా వహమ్ కాదు, తెలంగాణలో జరిగిపోయిన కథ.

సమగ్ర వేదిక అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. వాహనాలు, భూములు, కరెంటు బిల్లులు, ఇంకా అనేక శాఖల లెక్కలను ఒకచోట చేర్చి, ఈ కుటుంబం పేదదా కాదా అని అది చెబుతుంది. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికి వచ్చి అడిగింది లేదు. రేషన్ దుకాణానికి వెళ్లినప్పుడు డీలర్ చెబితే తెలిసింది. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ అన్యాయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ ఏడాది జులై నాటికి పరిశీలించిన వాటిలోనే కనీసం 7.5 శాతం కార్డులు తప్పుగా రద్దయినట్లు తేలిందని 2024 జనవరిలో అల్ జజీరా రాసింది. అందులోనే ఒక రిక్షా కార్మికుడి కథ ఉంది. పేరు దగ్గరగా ఉన్న మరో మనిషికి కారుంది. ఆ కారును మెషీన్ ఈ రిక్షా మనిషి ఖాతాలో వేసింది. ఆయన కుటుంబానికి బియ్యం ఆగిపోయాయి.

ఆ ఇద్దరూ ముస్లింలే. ఇది ఇత్తెఫాక్ అనుకోకండి. మన పేర్ల సంగతి ఒకసారి చూడండి. ఒకే మనిషి ఆధార్‌లో మొహమ్మద్, ఓటరు కార్డులో ఎండీ, పదో తరగతి మెమోలో మహమ్మద్, బ్యాంకులో మహ్మద్. షేక్ ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాల్లో. ఒకే ఆపా పెళ్లికి ముందు సుల్తానా, తర్వాత బేగం, పింఛను కాగితంలో బీ. ఉర్దూలో ఒక్క తీరుగానే రాసే పేరును ఇంగ్లీషులోకి ఎవరికి తోచినట్లు వాళ్లు ఎక్కించారు. ఎక్కించింది మనం కాదు, గుమాస్తాలు. పైగా మనకు తెలుగువాళ్ల మాదిరి ఇంటిపేరు ఉండదు. ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలలేక షేక్, సయ్యద్, మొహమ్మద్ అని నింపుతారు. దాంతో మెషీన్‌కు లక్షలమంది ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తారు.

ఫలితం రెండు రకాల జుల్మ్. ఒకే మనిషి ఇద్దరిగా కనిపించి, 'పేరు సరిపోలలేదు' అని దరఖాస్తు ఆగుతుంది. ఇద్దరు మనుషులు ఒక్కరిగా కనిపించి, ఒకరి కారు, ఒకరి పొలం ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఒకే పోర్టల్ వచ్చి అన్ని శాఖల లెక్కలూ కలిపినప్పుడు ఈ రెండు తప్పులూ తగ్గవు, పెరుగుతాయి.

ఆదిలాబాద్ వైపు ఇంకో సంగతుంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. కిన్వట్, యవత్మాల్, చంద్రపూర్‌లతో మనకు తరాలుగా రిష్తేదారీ. అక్కడ పుట్టి ఇక్కడ కోడలై వచ్చిన అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్ మరాఠీలో, పేరు దేవనాగరిలో ఉంటుంది. ఇక నార్నూర్, తిర్యాణి వంటి మండలాల్లో ఎన్నో ఊళ్లకు ఫోన్ సిగ్నలే సరిగా అందదు. అక్కడి గోండు అన్నకూ, కొలాం చెల్లికీ ఇదే ముసీబత్. వాళ్ల పేర్లనూ గుమాస్తాలే తప్పుగా ఎక్కించారు. కాబట్టి ఇది ముసల్మాన్ల గొడవ మాత్రమే కాదు. కాగితం మీద తన పేరు తాను రాసుకోలేకపోయిన ప్రతి గరీబ్ గొడవ.

అధికారులను అడిగితే ఒకే జవాబు: బోగస్ లబ్ధిదారులను ఏరేస్తున్నాం. సరే, బోగస్ మాటే మాట్లాడుకుందాం. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ దేశమంతటికీ ఒక్కటే. ఆధార్ ఉంది, ఓటీపీ ఉంది. అయినా కేంద్ర మైనారిటీ శాఖ 2023లో 1,572 సంస్థలను పరిశీలిస్తే 830 బోగస్‌వి అని తేలి, సీబీఐకి అప్పగించారు. అంటే పోర్టల్ దాటుకుని దొంగలు సంస్థల రూపంలో లోపలికొచ్చారు. వాళ్ల ఫైళ్లను మంజూరు చేసిందీ మనుషులే. మరి సజా ఎవరికి? 2022లో అదే పోర్టల్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల దరఖాస్తులు తీసుకుని, ఆ తర్వాత ఈ తరగతులకు ఇక ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ లేదన్నారు. ఫారం నింపడానికి అమ్మీ పెట్టిన ఖర్చు ఎవరిచ్చారు?

పోర్టల్‌ను సర్కారు తన కళ్లతో చూస్తోంది. ఎన్ని దరఖాస్తులు, ఎంతమందిని తీసేశాం, ఎంత మిగిలింది అని. దరఖాస్తు పెట్టినవాడి కళ్లతో చూస్తే కనిపించేది ఒక్క మాట: పెండింగ్. 2014 అక్టోబరు 2న 51 వేల రూపాయలతో మొదలై ఇవాళ 1,00,116 అయిన షాదీ ముబారక్‌కు మొదటినుంచీ దరఖాస్తు ఆన్‌లైనే. కానీ ఆన్‌లైన్ అన్నది సబ్‌మిట్ నొక్కడంతో ఖతం. ఆ తర్వాత తహసీల్దార్ విచారణ, ఎమ్మెల్యే దగ్గర ఫైలు, చెక్కుల పంపిణీ సభ, ఫోటో. నికాహ్ ఖర్చుకు చేసిన కర్జ్ మీద వడ్డీ మాత్రం ఏ పోర్టల్ కోసమూ ఆగదు. ఖాతా నంబరు ఇచ్చాక కూడా చెక్కు కోసం సభలో వరుసగా నిలబెట్టడం ఏ డిజిటల్ పాలనో ఎమ్మెల్యే సాబ్‌లే చెప్పాలి.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. 1.25 కోట్ల అర్జీలు వచ్చాయి. చలిలో చంటిపిల్లలతో మన ఆడవాళ్లు లైన్లలో నిలబడ్డారు. కొన్ని ఫారాలు హైదరాబాద్‌లో బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డున పడి దొరికాయి. 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం అన్నారు. ఓబీఎంఎంఎస్‌లో 16 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. జూన్ 2న మంజూరు పత్రాలన్నారు, వాయిదా వేశారు. తీసుకోవడానికి తేదీ ఉంటుంది, జవాబివ్వడానికి తేదీ ఉండదు.

తేదీ లేని, అప్పీల్ లేని పోర్టల్ గతి ఏమవుతుందో ధరణి చెప్పింది. 2020 అక్టోబరు 29న వచ్చింది. భూమి లెక్కలో తప్పు పడితే సరిదిద్దే అధికారం కింది అధికారికి లేదు, కలెక్టరేట్ల చుట్టూ రైతులు తిరిగారు. 2023 ఎన్నికల్లో అదే పెద్ద సవాలైంది. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతి తెచ్చి అప్పీలు వ్యవస్థ పెట్టాల్సి వచ్చింది. రైతుకు భూమి విషయంలో ఒప్పుకున్న హక్కు బేవాకు బియ్యం విషయంలో ఎందుకు లేదు?

ఇది మన దేశపు జబ్బే కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే వేలాది కుటుంబాల మీద దగా ముద్ర వేసి డబ్బు వెనక్కి కట్టమన్నారు. రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్ల మీద అనుమానపు గీత పడింది. తుర్కీ, మొరాకో మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా నలిగిపోయాయి. నిజం బయటికొచ్చాక 2021 జనవరి 15న అక్కడి ప్రభుత్వమే ఇస్తీఫా ఇచ్చింది. ఇక్కడ 18 లక్షల కార్డులు పోతే ఒక్క గుమాస్తా కూడా జవాబివ్వలేదు.

కాబట్టి ఒకే పోర్టల్ పెట్టేవాళ్లకు మన షర్తులు ఇవి.

మొదటిది, మెషీన్ అనుమానం చెప్పొచ్చు, నామంజూరు చేయొద్దు. దరఖాస్తు కొట్టేసే ముందు ఒక మనిషి ఇంటి గడప దాకా రావాలి, ఆ మనిషి పేరు, హోదా కాగితం మీద ఉండాలి.

రెండోది, నామంజూరు అయితే సబబు ఏమిటో తెలుగులో, ఉర్దూలో రాసివ్వాలి. ఏ లెక్క చూసి కొట్టేశారో చెప్పాలి. కారుందంటే ఆ కారు నంబరు చూపించాలి.

మూడోది, పేరు స్పెల్లింగ్ తేడా అన్నది ఎప్పటికీ నామంజూరుకు కారణం కాకూడదు. పేర్ల తేడాను ఒకసారి తహసీల్ ఆఫీసులో ఉచితంగా నమోదు చేస్తే అన్ని పథకాలకూ అది చెల్లాలి.

నాలుగోది, గడువు. మధ్యప్రదేశ్ 2010లోనే సేవల హామీ చట్టం తెచ్చింది, గడువు దాటితే అధికారికి జుర్మానా వేస్తుంది. ఇక్కడా జుర్మానా పడితేనే పెండింగ్ కదులుతుంది.

ఐదోది, కాగితం మీద అర్జీ పెట్టుకునే హక్కు పోకూడదు, దానికీ రసీదు ఇవ్వాలి. రద్దు చేసిన పేర్లు, కారణాలు వార్డులో, గ్రామసభలో చదవాలి. ఇది కొత్త మాటేం కాదు. ఉపాధి హామీ పనుల లెక్కలను ఊరందరి ముందు చదివే సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలుపెట్టి దేశానికి చూపించాం. 2019లో రాజస్థాన్ జన్ సూచనా పోర్టల్ పెట్టి, ఏ వార్డులో ఎవరికి ఏమందిందో ఎవరైనా చూసుకునే వీలు కల్పించింది.

ఇక మన మాట. మన మస్జిద్ కమిటీలు జుమా రోజు చందా లెక్కలు చదువుతాయి, ఇఫ్తార్‌కు ఎమ్మెల్యేలను పిలుస్తాయి. మొహల్లాలో ఎంతమంది కార్డులు రద్దయ్యాయో ఏ కమిటీ దగ్గరైనా ఫెహరిస్త్ ఉందా? డిగ్రీ చదివిన మన పిల్లలు వారానికి రెండు గంటలు మస్జిద్ వరండాలో కూర్చుంటే చాలు. దరఖాస్తు నింపాలి, రసీదు నంబరు రిజిస్టర్‌లో రాయాలి, నెల దాటితే సమాచార హక్కు కింద అడగాలి. 30 రోజుల్లో జవాబివ్వడం చట్టం. జమాతుల పేరుతో కొట్లాడుకునే జోష్‌లో పదోవంతు చాలు దీనికి. ఆ వరండాలో పక్కింటి లక్ష్మక్క దరఖాస్తు కూడా నింపండి. హక్కు అడిగే గొంతులు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది.

సర్కారు ఇచ్చేది ఖైరాత్ కాదు. బీడీ కట్ట మీద, నూనె ప్యాకెట్ మీద, ఫోన్ రీచార్జ్ మీద ఆ బేవా కూడా పన్ను కడుతోంది. ఆమె దరఖాస్తుకు జవాబు ఆమె హక్కు. దర్వాజా ఒక్కటే పెట్టండి, మాకు ఏతరాజ్ లేదు. ఆ దర్వాజాకు తాళం వేసే మనిషి పేరు మాత్రం దాని మీద రాసి పెట్టండి.